చూస్తూ వెళ్లే దారికి ఏ బండి?

ప్రయాణం అయ్యాక మా చిన్నవాణ్ణి "ఏం చూశావురా?" అని అడిగితే "ఆకాశం" అన్నాడు. దారి పొడవునా ఒక పక్క లోయ, ఇంకో పక్క అడవి, మధ్యలో రెండు జలపాతాలు. చివరి వరుసలో కూర్చున్న వాడికి మాత్రం కిటికీలోంచి ఆకాశం ఒక్కటే కనిపించింది. అందరం కలిసి ఒకే బండిలో వెళ్లాలన్న ఆశతో ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీ అద్దెకు తీసుకున్నాం. దాని వెనక కిటికీ అంచు వాడి కళ్ల కంటే ఎత్తులో ఉంది. పక్కన కూర్చున్న వాళ్లక్కకు మూడో మలుపు నుంచే కడుపులో తిప్పడం మొదలైంది. రెండు వ్యూ పాయింట్ల దగ్గర అంత పెద్ద బండికి జాగా దొరక్క ఆగకుండానే వచ్చేశాం. ఆ రెండూ చూడలేదన్న వెలితి నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి ఇలాంటి ప్రయాణానికి ఏ కారు తీసుకోమంటారని ఎవరడిగినా నేను ముందు మూడు విషయాలు అడుగుతాను. బండిలో కూర్చునే ప్రతి ఒక్కరికీ బయట కనిపిస్తుందా? మనసైన చోట ఆపుకోవడానికి వీలవుతుందా? ఆ దారిలో అన్నిటికంటే కష్టమైన పది కిలోమీటర్లు ఎలా ఉంటాయి? ఎంత పికప్, ఎంత మైలేజీ, ఎన్ని ఫీచర్లు అన్నవి ఆ తర్వాతే. ఊరు చేరడానికి వెళ్లే ప్రయాణంలో తొందరగా, అలసట లేకుండా చేర్చేది మంచి బండి. చూడటానికి వెళ్లే ప్రయాణంలో రోజుకు పదిహేను ఇరవై సార్లు ఆగుతాం, గంటకు నలభై కిలోమీటర్లు దాటం. అక్కడ బండి చేయాల్సిన పని పూర్తిగా వేరు.

వెనక సీట్లో కూర్చుని చూడండి

షోరూములో అయినా, అద్దెకు ఇచ్చే చోట అయినా అందరూ డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తారు. మీరు వెనక సీట్లోకి వెళ్లి, తలుపు వేసుకుని, ఐదు నిమిషాలు కూర్చోండి. పిల్లలుంటే వాళ్లనూ వాళ్ల సీట్లో కూర్చోబెట్టండి. ఈమధ్య వస్తున్న చాలా ఎస్‌యూవీల్లో తలుపుల రేకు పైకి వచ్చి, అద్దం సన్నబడింది. వెనక్కి పోయేకొద్దీ కిటికీ అంచు ఇంకా పైకి లేస్తుంది. బయటి నుంచి చూస్తే దర్జాగా ఉంటుంది, లోపల కూర్చున్న పిల్లలకు మాత్రం గోడ పక్కన కూర్చున్నట్టే. అదే వెనక డిక్కీ విడిగా ఉండే పాత తరహా సెడాన్‌లోనో, డబ్బా ఆకారంలో మూడు వరుసల సీట్లతో ఉండే ఎంపీవీ అనే కుటుంబపు కారులోనో అద్దాలు పెద్దగా, అంచు కిందికి ఉంటాయి. వెనక కూర్చున్నవాళ్లకు ఎంపీవీ ఇచ్చినంత చూపు ఇంకేదీ ఇవ్వదని నా అనుభవం. దాన్ని ఇంటి బండి అని చిన్నచూపు చూస్తారు గానీ, ఆరుగురితో కొండలు చూడటానికి వెళ్తే నేను ముందు దాన్నే అడుగుతాను.

మూడో వరుస గురించి కూడా తెలుసుకోవాలి. ఆ సీటు వెనక చక్రాల మీద, కొన్ని బండ్లలో చక్రాల కంటే వెనక ఉంటుంది. గతుకుకి ఎగిరేది, మలుపుకి ఊగేది అక్కడే ఎక్కువ. పైగా ముందు దారి కనిపించదు. కడుపులో తిప్పడానికి ముఖ్య కారణం ఇదే: ఒళ్లు కదులుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది, కదలడం లేదని కళ్లు చెబుతాయి. ముందు దారి, దూరపు కొండల గీత కనిపిస్తే చాలామందికి ఆ ఇబ్బంది తగ్గుతుంది. అందుకే మలుపుల దారిలో ఏడుగురికి ఏడు సీట్ల బండి ఒకటి కంటే రెండు చిన్న కార్లు మేలు, నడపగలిగేవాళ్లు ఇద్దరుంటే. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఎవరూ మూలకు నక్కి కూర్చోరు, ఒక బండికి ఏదైనా అయితే ఇంకోటి తోడుంటుంది.

అద్దానికి నల్లరంగు ఫిల్మ్ బాగా ఉన్న బండి ఈ పనికి వద్దు. ఎండకు హాయిగానే ఉంటుంది కానీ ఆకుపచ్చ లోయ బూడిదరంగుకు తిరుగుతుంది, ఫొటోలు మసకగా వస్తాయి. పైన అద్దం ఉన్న కారు కావాలా అంటే దారిని బట్టి చెప్పాలి. ఎత్తైన చెట్ల మధ్య నుంచో, నిటారు కొండల కింద నుంచో వెళ్లే దారిలో దాని విలువ తెలుస్తుంది. సముద్రం పక్కన వెళ్లే దారిలో నడినెత్తిన ఎండ తప్ప దాని వల్ల వచ్చేది లేదు.

కష్టమైన పది కిలోమీటర్లు

రెండు వందల కిలోమీటర్లు నున్నటి తారు రోడ్డు, చివర్లో పది కిలోమీటర్లు రాళ్లదారి ఉందనుకోండి. బండిని ఎంచుకోవాల్సింది ఆ పదికే. లేదంటే ఆ పదిని వదులుకోవడానికి ముందే సిద్ధపడి, మిగతా రెండు వందలకు హాయిగా ఉండే బండి తీసుకోవాలి. రెండింటిలో ఏదైనా సరే, బయల్దేరే ముందే తేల్చుకోండి.

నిజానికి పేరున్న అందమైన రోడ్లలో చాలావాటికి మామూలు చిన్న కారు చాలు. ఆస్ట్రేలియాలో 243 కిలోమీటర్ల గ్రేట్ ఓషన్ రోడ్డు, కెనడాలో లేక్ లూయీస్ నుంచి జాస్పర్ దాకా 232 కిలోమీటర్ల ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే, నార్వేలో ఎనిమిది వంతెనల మీదుగా సముద్రం దాటే అట్లాంటిక్ రోడ్డు, అన్నీ తారు రోడ్లే. మంచు పడే కాలం కాకపోతే వీటికి ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఏర్పాటు, అక్కర్లేదు. ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఒక వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు. అలాంటి చోట చిన్న కారే సుఖం. చిన్న కారు 10 మీటర్ల అటూ ఇటూ వెడల్పులో వెనక్కి తిరిగిపోతుంది, పెద్ద ఎస్‌యూవీకి 12 మీటర్ల దాకా కావాలి. ఇరుకు మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

ఇక ఐస్‌లాండ్ లోపలి కొండల్లోకి వెళ్లే ఎఫ్ రోడ్ల సంగతి వేరు. అవి వేసవిలో మాత్రమే తెరుస్తారు, ఫోర్ వీల్ డ్రైవ్ లేని బండి వాటి మీదికి వెళ్లడం చట్టరీత్యా నిషేధం. దారికి అడ్డంగా వంతెన లేని ఏర్లు పారుతుంటాయి. నీళ్లలో దిగి ఇంజిన్ పాడైతే అద్దె బండి బీమా మామూలుగా వర్తించదు. నమీబియాలో ఎక్కువ భాగం కంకర దారులే, అక్కడ రెండు స్టెప్నీలతో అద్దెకిచ్చే పికప్ ట్రక్కులు మామూలే. ఇలాంటి చోట్ల చిన్న కారుతో సర్దుకుందాం అనుకోకూడదు.

పెద్ద బండిని రోడ్డే వద్దనే చోట్లూ ఉన్నాయి. అమెరికాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు ఉంది. అందులో కొండ మీది భాగంలోకి 21 అడుగుల కంటే పొడవు గానీ, అద్దాలతో కలిపి 8 అడుగుల కంటే వెడల్పు గానీ ఉన్న బండిని రానివ్వరు. ఇల్లులాంటి మోటార్‌హోమ్ తీసుకుని అంత దూరం వెళ్లాక ఆ బోర్డు చూస్తే ఎంత బాధగా ఉంటుందో ఊహించండి.

రాళ్లదారి ఉన్నప్పుడు చాలామంది ఫోర్ వీల్ డ్రైవ్ గురించే ఆలోచిస్తారు. నా లెక్కలో గ్రౌండ్ క్లియరెన్స్‌కు (నేలకూ బండి అడుగుకూ మధ్య ఉండే ఖాళీ), మంచి టైర్లకు తర్వాతే దాని స్థానం. పొడి రాళ్లదారిలో రెండు చక్రాలు తిరిగినా బండి కదులుతుంది, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ రాయికి తగిలి పగిలితే మాత్రం నాలుగు చక్రాలు తిరిగినా లాభం లేదు. బురద, ఇసుక, మంచు, ఏరు దాటడం ఉంటేనే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. ఇంకో మాట: ఖాళీ బండికి ఉన్న క్లియరెన్స్, ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను పెట్టాక ఉండదు. వెనక భాగం కిందికి దిగుతుంది.

ఎక్కడం సరే, దిగడం?

కొండ దారి అనగానే ఎక్కగలదా అని అడుగుతారు. ఈ కాలపు కార్లన్నీ ఎక్కుతాయి, నెమ్మదిగానైనా. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఇంచుమించు పదో వంతు శక్తి కోల్పోతుంది, ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. స్టెల్వియో అంత ఎత్తుకు వెళ్తే నాలుగో వంతు పోయినట్టే. నిండా మనుషులున్న చిన్న కారుకు అది బాగా తెలుస్తుంది, ఓవర్‌టేక్ మీద ఆశ వదిలేసుకోవాలి. టర్బో ఉంటే ఆ లోటు చాలావరకు పూడుతుంది. ఎత్తైన కనుమలకు టర్బో పెట్రోలో, డీజిలో తీసుకోమనేది అందుకే.

నాకు టెన్షన్ అంతా దిగడంలోనే. మనుషులతో కలిపి 1,800 కిలోల బండి వెయ్యి మీటర్లు దిగితే అందులోంచి దాదాపు 5 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి బయటికి రావాలి. అదంతా బ్రేకుల మీదే పడితే, యాభై లీటర్ల చల్లనీళ్లను మరగబెట్టేంత వేడి. బ్రేక్ ప్యాడ్లు వేడెక్కితే పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదైతే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. అది మరిగిందంటే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. ఒకసారి కొండ దిగుతుంటే మాడిన వాసన వచ్చి, మా బండి చక్రాల దగ్గర పొగ కనిపించింది. అరగంట పక్కన ఆపి ఉంచితే గానీ పెడల్ మళ్లీ గట్టిపడలేదు. ఆ అరగంట నేను మర్చిపోలేను.

అందుకని ఆటోమేటిక్ కారు తీసుకుంటుంటే గేర్‌ను మీరే తగ్గించి పట్టుకునే వీలుందా అని తప్పకుండా చూడండి. గేర్ లీవర్ మీద ఎల్ అనో, ఎస్ అనో, ఎం అనో ఉంటుంది. ఇంజిన్, బ్యాటరీ మోటారు రెండూ ఉండే హైబ్రిడ్‌లలో కొన్నిటికి బి అని ఉంటుంది. అది ఇంజిన్‌తో బండిని ఆపి పట్టే ఏర్పాటు. మాన్యువల్ అయితే దిగేటప్పుడు సెకండ్ గేర్లో వదిలితే చాలు, ఎక్కడా న్యూట్రల్ వద్దు. అంతమాత్రాన మాన్యువలే తీసుకోమని అనను. రోజంతా మలుపుల్లో క్లచ్ తొక్కి తొక్కి ఎడమ కాలు పట్టేసినవాడికి లోయ అందం కనిపించదు. గేర్ పట్టి ఉంచగలిగే ఆటోమేటిక్‌కే నా ఓటు.

ఎలక్ట్రిక్ కారుతో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, ఇష్టంగా వెళ్లొచ్చు. అద్దాలు దించుకుని అడవిలోంచి వెళ్తుంటే పక్షుల కూతలు, వాగు చప్పుడు వినిపించే కారు అదొక్కటే. కొండ దిగేటప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది కాబట్టి బ్రేకులు చల్లగా ఉంటాయి. ఎత్తుకు వెళ్లినా శక్తి తగ్గదు, దానికి గాలితో పనిలేదు.

కాకపోతే లెక్క వేసుకోవాలి. వెయ్యి మీటర్లు ఎక్కడానికి ఇందాక చెప్పిన ఆ 5 యూనిట్లే అదనంగా ఖర్చవుతాయి, అంటే చదును రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు వెళ్లేంత. దిగేటప్పుడు సగానికి పైగా వెనక్కి వస్తుంది. కానీ బండి మీటరు చూపించే రేంజి, అంటే ఇంకా ఎంత దూరం వెళ్లగలమన్నది, ఇప్పటిదాకా నడిచిన దారిని బట్టి వేసిన అంచనా. ఎక్కుతుంటే అది గబగబా పడిపోతుంది, దాంతో గుండె జారుతుంది. చలిలో బ్యాటరీ సామర్థ్యం తగ్గడం, హీటర్ ఖర్చు దీనికి తోడు. ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు: కొండ మీద బస చేసి రాత్రి నూరు శాతం చార్జి పెట్టుకుని పొద్దున్నే దిగడం మొదలుపెడితే, వచ్చే కరెంటును దాచుకోవడానికి బ్యాటరీలో చోటుండదు. అప్పుడు భారం మళ్లీ మామూలు బ్రేకుల మీద పడుతుంది. పైన ఉన్నప్పుడు ఎనభై, ఎనభై ఐదు శాతంతో ఆపేయడం మంచిది.

నా నియమం ఒక్కటే. దారిలో ఒక చార్జర్ పనిచేయకపోయినా తర్వాతి దాని దాకా వెళ్లగలిగితే ఎలక్ట్రిక్ తీసుకోండి. ఒక్క చార్జర్ మీదే ప్రయాణమంతా ఆధారపడి ఉంటే హైబ్రిడ్ తీసుకోండి. మీటరు వంక చూస్తూ కూర్చునేవాళ్లు కిటికీలోంచి చూడలేరు.

క్యాంపర్‌వ్యాన్, ఓపెన్ టాప్, బైకు

లోపలే వండుకుని పడుకునే వీలున్న క్యాంపర్‌వ్యాన్ మీద అందరికీ ఆశ ఉంటుంది, నాకూ ఉంది. తెల్లవారి తలుపు తీస్తే ఎదురుగా సరస్సు ఉండటం అనే సుఖానికి సాటి లేదు. గది బుక్ చేసిన ఊరికి చీకటిపడేలోగా చేరాలన్న హడావుడి ఉండదు, సూర్యాస్తమయం దాకా అక్కడే ఉండొచ్చు. అయితే నడిపేటప్పుడు అది కొంచెం మొండి బండి. పైకప్పు ఎత్తు ఉన్న వ్యాన్లు రెండున్నర మీటర్లు దాటుతాయి. చాలా పార్కింగులకు రెండు మీటర్ల దగ్గరే ఇనుప కమ్మీ అడ్డం పెడతారు. పక్కగాలి గట్టిగా వీచే వంతెన మీద స్టీరింగ్ రెండు చేతులా పట్టుకోవాలి. చాలా ఫెర్రీల్లో బండి పొడవును బట్టి టికెట్ ధర పెరుగుతుంది. ఎక్కడబడితే అక్కడ ఆపి పడుకోవచ్చనుకోవడం కూడా పొరపాటు, చాలా దేశాల్లో, ముఖ్యంగా నేషనల్ పార్కుల్లో దానికి అనుమతి లేదు. వీటన్నిటికీ ఒప్పుకున్నా సరే, పెద్ద మోటార్‌హోమ్ జోలికి పోకుండా ఆరు మీటర్లలోపు పొడవున్న వ్యాన్ తీసుకోండి. అది కూడా ఐదారు రోజులకు మించిన ప్రయాణానికి, ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు. రెండు రోజుల కోసమైతే దాని గ్యాసు, నీళ్లు, పక్కలు సర్దడం నేర్చుకునేసరికే తిరిగి ఇచ్చే రోజు వచ్చేస్తుంది.

ఓపెన్ టాప్ కారు ఇద్దరికి, ఒక్క రోజుకు, ఎండ తీవ్రత లేని కాలంలో బాగుంటుంది. పైకప్పు మడిస్తే చాలా మోడళ్లలో డిక్కీలో సగం జాగా పోతుంది, రెండు పెద్ద పెట్టెలు పట్టవు.

బైకు మీద వెళ్తే వాసనతో సహా దారి మన ఒంటికి తగులుతుంది. వాన వెలిసిన అడవిని బైకు మీద దాటినవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. కానీ నడిపేవాడు చూసేది తక్కువే. మలుపులో కన్ను ఎటు పోతే బండి అటే పోతుంది, అందుకే చూపు రోడ్డు మీదే ఉండాలి. బైకు ఎంచుకుంటే రోజుకు వెళ్లే దూరం కారుతో పోలిస్తే సగానికి తగ్గించుకోండి, ఎక్కువ సార్లు ఆగండి. వెనక ఒకరు కూర్చుంటే కొండ దారికి బాగా బరువైన టూరింగ్ బైకు కంటే కాళ్లు నేలకు పూర్తిగా ఆనే మధ్యస్థపు బండి నయం. ఏటవాలు మట్టి జాగాలో ఆపి మళ్లీ తిప్పుకోవాల్సింది మీరే కదా.

అద్దె బండి అయితే

కాగితం మీద సంతకం పెట్టే ముందు మట్టిరోడ్డు, కంకరరోడ్డు మీద బీమా ఉందా అని నోటితో అడిగి, రాతలో చూపించమనండి. చాలా పాలసీల్లో టైర్లు, ముందు అద్దం, బండి అడుగుభాగం మినహాయిస్తారు. రాళ్లదారిలో దెబ్బతినేవి సరిగ్గా ఆ మూడే. డిక్కీలో చాప ఎత్తి స్టెప్నీ ఉందో లేదో చూడండి. ఇప్పుడు చాలా కార్లలో దాని బదులు గాలి కొట్టే పంపు, పంక్చర్ మందు డబ్బా పెడుతున్నారు. మేకు దిగితే అది పనికొస్తుంది, టైరు పక్క గోడ రాయికి కోసుకుపోతే పనికిరాదు. ఇద్దరు డ్రైవర్ల పేర్లు రాయించండి, దారంతా ఒక్కరే నడిపితే ఆ ఒక్కరు ఏమీ చూడరు.

బండి తీసుకున్న చోటే ఇవ్వకుండా వేరే ఊళ్లో ఇస్తే అదనపు రుసుము తీసుకుంటారు. అయినా ఒక్కోసారి అది కట్టడం మంచిదే, ఎందుకంటే ఏ దిక్కుగా వెళ్తున్నామన్నది కొన్ని దారుల్లో బండి కంటే ముఖ్యం. గ్రేట్ ఓషన్ రోడ్డును తూర్పు నుంచి పడమరకు నడిపితే సముద్రం మీ ఎడమ పక్కనే ఉంటుంది. అక్కడ ఎడమ వైపు నడుపుతారు కాబట్టి ఎదురు వచ్చే లేన్‌ను దాటకుండానే వ్యూ పాయింట్లలోకి తిప్పొచ్చు. కాలిఫోర్నియా తీరంలో కుడి వైపు నడుపుతారు, అక్కడ ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తేనే ఆ సౌకర్యం.

ఇవన్నీ చూసుకున్నాక ఎవరికి ఏది అంటే నేను ఇలా చెబుతాను. ఇద్దరే, తారు రోడ్డే అయితే పెద్ద అద్దాలున్న హ్యాచ్‌బ్యాక్, అంటే డిక్కీ విడిగా లేని చిన్న కారు. అమ్మానాన్నలు కూడా వస్తుంటే, నడుం వంచకుండా ఎక్కి దిగగలిగే ఎత్తులో సీటున్న మధ్యస్థపు క్రాసోవర్, అంటే కారుకీ ఎస్‌యూవీకీ మధ్యరకం. రోజుకు ఇరవై సార్లు దిగి ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ ఎత్తే పెద్ద ఉపకారం. ఐదారుగురు, చిన్నపిల్లలు ఉంటే ఎంపీవీ, ఐదుగురే అయితే మూడో వరుసలో సామాను. ఏర్లు, ఇసుక, మంచు ఉంటేనే నిజమైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి, దాని కుదుపులకు ముందే ఒప్పుకుని.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం సామానంతా పెట్టి, అందరినీ కూర్చోబెట్టి ఒక చిన్న చుట్టు తిప్పి రండి. వెనక టైరుకు పైన ఎంత ఖాళీ మిగిలిందో చూడండి. నిండు లోడుకు టైర్లలో గాలి ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది, అది ఖాళీ బండి అంకె కంటే ఎక్కువ. వెనక దిగితే ముందు లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన వాటిని దించే చిన్న చక్రం ఉంటుంది, లైట్లు కిందికి దిగేలా దాన్ని ఒకటి రెండు గీతలు తిప్పండి. చివరగా చిన్నవాళ్ల పక్కన వాళ్లంత ఎత్తుకు వంగి, కిటికీలోంచి బయటికి చూడండి. రోడ్డు పక్క గడ్డి కనిపిస్తే బయల్దేరొచ్చు. ఆకాశం ఒక్కటే కనిపిస్తే సీటు మీద ఎత్తుకు, బెల్టు సరిగ్గా పట్టేలా తయారు చేసిన బూస్టర్ సీటు వేయండి.